బెదిరించే భర్త చేతిలో తుపాకీ ఉంటే అమెరికా చట్టం ఏం చేస్తుంది?

ప్రశ్న: మాది ఖమ్మం. మా చెల్లి పెళ్ళయ్యి తొమ్మిదేళ్ళు. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటుంది, ఇద్దరు పిల్లలు. రెండేళ్ళ క్రితం బావకీ చెల్లికీ గ్రీన్ కార్డులు వచ్చాయి. ఆ తర్వాత బావ తుపాకీ కొన్నాడు. ఇంతకుముందు రెండుసార్లు చెయ్యి చేసుకున్నాడు. పోయిన వారం గొడవలో తుపాకీ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టి "గడప దాటి చూడు" అన్నాడట. అక్కడి చట్టం ఆ తుపాకీని తీసేయించగలదా? పోలీసులకి చెబితే బావ ఉద్యోగం, గ్రీన్ కార్డు పోతాయా? కొట్టలేదు కదా, సర్దుకుపొమ్మని అమ్మానాన్నలు అంటున్నారు.

జవాబు:

తమ్ముడూ, మీ చెల్లి ఈ సంగతి మీతో చెప్పగలిగింది. ముందు అందుకు నాకు కాస్త ధైర్యంగా ఉంది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది కొట్టిన సంగతి చెబుతారు, తిట్టిన సంగతి చెబుతారు, జీతం లాక్కున్న సంగతి చెబుతారు. తుపాకీ సంగతి మాత్రం మూడోసారో నాలుగోసారో కలిసినప్పుడు, వెళ్ళిపోతూ తలుపు దగ్గర నిలబడి చెబుతారు.

నేను లాయర్ని కాను. తెనాలి నుంచి వచ్చి టెక్సాస్‌లో 22 ఏళ్ళుగా ఉంటున్నాను. అందులో 16 ఏళ్ళుగా మన ఆడవాళ్ళకి తోడుగా కోర్టులకీ పోలీస్ స్టేషన్లకీ తిరుగుతున్నాను. లాయరే చెప్పాల్సిన చోట ఆ మాట చెబుతాను.

మీ మొదటి ప్రశ్నకి జవాబు: తీసేయించగలదు. ఫెడరల్, అంటే దేశమంతటికీ వర్తించే చట్టమూ ఉంది, టెక్సాస్ రాష్ట్ర చట్టమూ ఉంది. కానీ ఆ చట్టం దానంతటది మీ చెల్లి ఇంటికి వచ్చి బీరువా తెరవదు. ఆమె ఏ కాగితం మీద ఏం రాసింది, జడ్జి ఆర్డర్‌లో ఏ వాక్యం ఉంది, ఆ ఆర్డర్ కంప్యూటర్‌లోకి ఎక్కిందా లేదా అన్నదాని మీద అంతా ఆధారపడి ఉంటుంది. నా జవాబులో ఎక్కువ భాగం దాని గురించే.

దానికంటే ముందు అమ్మానాన్నల మాట. "కొట్టలేదు కదా" అంటున్నారు. టెక్సాస్ ఫ్యామిలీ కోడ్ ప్రకారం కుటుంబ హింస అంటే కొట్టడం ఒక్కటే కాదు. వెంటనే దెబ్బ పడుతుందేమోనని ఎవరైనా సహజంగా భయపడేలా బెదిరించినా అది కుటుంబ హింసే. తుపాకీ టేబుల్ మీద పెట్టి "గడప దాటి చూడు" అనడం సరిగ్గా అలాంటిది. ఒంటి మీద గాయం ఉండాల్సిన అవసరం లేదు.

మన ఊళ్ళలో తుపాకీ అంటే పోలీసు దగ్గరో, బ్యాంకు గార్డు దగ్గరో, ఎమ్మెల్యే గన్‌మన్ దగ్గరో చూసినదే. లైసెన్సు కావాలంటే అధికారుల చుట్టూ తిరగాలి, ఎందుకు కావాలో చెప్పి ఒప్పించాలి. అందుకే ఖమ్మంలో కూర్చున్నవాళ్ళకి ఇది సినిమాలో బెదిరింపులా వినపడుతుంది. టెక్సాస్‌లో గ్రీన్ కార్డు ఉండి, రికార్డులో కేసులేమీ లేనివాడు షాపుకి వెళ్ళి ఫారం నింపి, పాత నేరాలున్నాయేమో చూసే చెక్ పూర్తయితే అదే రోజు తుపాకీ ఇంటికి తెచ్చుకోవచ్చు. 2021 నుంచి ఇక్కడ చేతితుపాకీ వెంట పెట్టుకుని తిరగడానికి కూడా చాలామందికి లైసెన్సు అక్కర్లేదు. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీకి చెందిన జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ తన బృందంతో 11 అమెరికన్ నగరాల్లో భర్తల, ప్రియుల చేతిలో చనిపోయిన ఆడవాళ్ళ కేసులు పరిశీలించి 2003లో ఫలితాలు ప్రచురించారు. హింసించే మగాడికి తుపాకీ అందుబాటులో ఉంటే ఆ ఆడమనిషి ప్రాణానికి ముప్పు సుమారు ఐదు రెట్లు పెరుగుతుందని తేలింది. ఇంకో ప్రశ్న మీరు మీ చెల్లిని నేరుగా అడగాలి: ఎప్పుడైనా గొంతు నొక్కాడా? నొక్కి వదిలేసినా సరే, ఆ తర్వాతి కాలంలో చంపేసే ప్రమాదం ఏడు రెట్ల వరకు ఎక్కువని అదే పరిశోధకుల తర్వాతి లెక్కలు చెబుతున్నాయి. దీన్ని మన ఆడవాళ్ళు "మెడ పట్టుకున్నాడు" అని తేలిగ్గా చెప్పి ఊరుకుంటారు. అవును అంటే ఇక ఒక్కరోజు కూడా ఆగొద్దు.

ఇప్పుడు చట్టం సంగతి. అమెరికాలో 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం ఫెలొనీ, అంటే పెద్ద నేరం కింద శిక్ష పడినవాళ్ళ దగ్గర తుపాకీ ఉండకూడదు. కానీ పెళ్ళాన్ని కొట్టిన కేసులు చాలావరకు మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరం కిందకే వస్తాయి. కాబట్టి భార్య చెయ్యి విరగ్గొట్టినవాడు కూడా చిన్న కేసుతో బయటపడి మర్నాడు తుపాకీ కొనుక్కోగలిగేవాడు. ఈ లోపాన్ని రెండు విడతల్లో పూడ్చారు. 1994లో వచ్చిన సవరణ ప్రకారం, కోర్టు ప్రొటెక్టివ్ ఆర్డర్, అంటే బాధితురాలి జోలికి వెళ్ళకూడదని ఇచ్చే రక్షణ ఆదేశం కింద ఉన్నవాడు ఆ ఆర్డర్ నడిచినంత కాలం తుపాకీ గానీ తూటాలు గానీ ఉంచుకోకూడదు. 1996లో న్యూజెర్సీ సెనేటర్ ఫ్రాంక్ లాటెన్‌బర్గ్ తెచ్చిన సవరణ ప్రకారం, కుటుంబ హింస కేసులో చిన్న నేరం కింద శిక్ష పడ్డా నిషేధమే. ఆ రెండోదానిలో పోలీసులకీ సైనికులకీ కూడా మినహాయింపు లేదు. డ్యూటీ తుపాకీ కూడా పట్టుకోకూడదు, అంటే ఉద్యోగమే పోతుంది. ఈ నిషేధాలు ఉల్లంఘిస్తే పదేళ్ళ వరకు ఉన్న జైలు శిక్షను 2022లో 15 ఏళ్ళ వరకు పెంచారు.

అదే 2022 చట్టం, కలిసి కాపురం చేయని ప్రేమికుల్ని కూడా శిక్షల నిబంధన కిందకి తెచ్చింది. ఇది మీ చెల్లికి సంబంధించింది కాదు గానీ, ఇక్కడికి చదువుకోడానికి వచ్చిన మన పిల్లల కోసం చెబుతున్నాను: శిక్ష పడితే బాయ్‌ఫ్రెండ్‌కీ తుపాకీ నిషేధం ఉంది. కానీ ఆర్డర్ మాత్రమే ఉంటే ఫెడరల్ నిషేధం భర్తకి, మాజీ భర్తకి, కలిసి కాపురం ఉన్నవాడికి, బిడ్డ తండ్రికి మాత్రమే వర్తిస్తుంది. కలిసి ఉండకుండా డేటింగ్ చేసినవాడి విషయంలో రాష్ట్ర చట్టాన్ని చూసుకోవాలి.

1994 నాటి నిబంధన మీ చెల్లికి అన్నిటికంటే ముఖ్యం. అది వర్తించాలంటే మూడు జరగాలి. మీ బావకి ఆర్డర్ గురించి నోటీసు అందాలి. హియరింగ్‌లో తన మాట చెప్పుకునే అవకాశం రావాలి. రాకపోతే అది అతని ఇష్టం, అవకాశం ఇస్తే చాలు. ఆపైన, ఇతని వల్ల భార్యకో పిల్లలకో నిజమైన ప్రమాదం ఉందని జడ్జి తేల్చినట్టు ఆర్డర్‌లో ఉండాలి, లేదా వాళ్ళ మీద చెయ్యి చేసుకోకూడదని స్పష్టంగా రాసి ఉండాలి.

ఆ "లేదా" దగ్గర కాస్త ఆగాలి. మా పక్కనే ఉన్న ఆర్లింగ్‌టన్‌లో జరిగిన కేసు దానికి కారణం. 2019 డిసెంబర్‌లో జాకీ రహీమీ అనే వ్యక్తి ఒక పార్కింగ్ లాట్‌లో తన బిడ్డ తల్లి అయిన అమ్మాయిని లాగి కారులోకి తోశాడు. ఎవరో చూస్తున్నారని గమనించి తుపాకీ తీసి కాల్చాడు. తర్వాత ఫోన్ చేసి, ఎవరికైనా చెబితే నిన్నూ కాల్చేస్తానన్నాడు. 2020 ఫిబ్రవరిలో కోర్టు రెండేళ్ళ ఆర్డర్ ఇచ్చింది. ఆ ఆర్డర్‌కి అతను ఒప్పుకున్నాడు కూడా. అయినా ఆ ఏడాది చివర్లో, 2021 జనవరిలో ఐదు చోట్ల కాల్పులు జరిపాడు. పోలీసులు ఇల్లు సోదా చేస్తే తుపాకులు దొరికాయి, వాటితోపాటు ఆ ఆర్డర్ కాపీ కూడా దొరికింది. తుపాకీ ఉంచుకోకూడదని రాసిన కాగితం, తుపాకీ ఒకే ఇంట్లో!

1994 నిబంధన కింద పడిన శిక్ష మీద అతను అప్పీల్‌కి వెళ్ళాడు. 2022లో సుప్రీంకోర్టు ఇంకో కేసులో తుపాకీ ఆంక్షలకి దేశ చరిత్రలో అలాంటి పాత చట్టాల పోలిక ఉండాలని చెప్పడంతో, టెక్సాస్, లూసియానా, మిసిసిపీలకి పెద్దదైన ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు 2023లో ఈ 1994 నిబంధన రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పిచ్చింది. ఆ రోజులు నాకు బాగా గుర్తున్నాయి. "అతని దగ్గర తుపాకీ ఉంది, ఫెడరల్ చట్టం కింద చెబితే లాభం ఉందా" అని అడిగిన ఆడవాళ్ళకి సూటిగా జవాబు చెప్పలేకపోయేదాన్ని. రాష్ట్ర చట్టం ఉందని చెప్పి పంపేదాన్ని. చివరికి 2024 జూన్ 21న సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో ఆ తీర్పుని కొట్టేసింది. చీఫ్ జస్టిస్ జాన్ రాబర్ట్స్ తీర్పు రాశారు, జస్టిస్ క్లారెన్స్ థామస్ ఒక్కరే విభేదించారు. ఒక మనిషి వల్ల ఇంకొకరి ప్రాణానికి నిజమైన ముప్పు ఉందని కోర్టు తేల్చినప్పుడు, కొంతకాలం పాటు అతని దగ్గర ఆయుధం లేకుండా చేయవచ్చన్నది ఆ తీర్పు సారం.

అయితే సుప్రీంకోర్టు సమర్థించింది "ముప్పు ఉందని కోర్టు తేల్చిన" భాగాన్ని. "చెయ్యి చేసుకోకూడదని రాసి ఉంటే చాలు" అనే రెండో భాగం మీద ఏమీ తేల్చకుండా వదిలేసింది. అందుకే నేను ఇప్పుడు ప్రతి ఒక్కరికీ ఒకటే చెబుతున్నాను. అవతలి లాయరు హియరింగ్‌కి ముందు వరండాలో "గొడవ వద్దు, ఇద్దరం ఒప్పుకుని ఆర్డర్ రాసుకుందాం, హింస జరిగిందని మాత్రం రాయొద్దు" అంటారు. మన ఆడవాళ్ళు పరువు పోకుండా ఉంటుందని ఒప్పేసుకుంటారు. ఒప్పుకోవద్దు. ప్రమాదం ఉందని కోర్టు తేల్చిన వాక్యం ఆ కాగితం మీద ఉండాలని మీ చెల్లి తన లాయర్‌కి ముందే గట్టిగా చెప్పాలి. ఆ ఒక్క వాక్యం వదులుకుంటే రేపు తుపాకీ దగ్గర వాదనకి చోటిచ్చినట్టే.

టెక్సాస్‌లో దారి ఇలా ఉంటుంది. ప్రొటెక్టివ్ ఆర్డర్ కోసం కౌంటీ (మన జిల్లా లాంటిది) లేదా డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే ప్రభుత్వ లాయరు ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. అడిగినవాళ్ళకి ఫీజు ఉండదు. ఫ్రిస్కో ఊరు కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంటుంది కాబట్టి ఇల్లు ఎటు వస్తుందో ముందు చూసుకోవాలి. వీసా ఏమిటి, కార్డు ఉందా అన్నదానికి ఈ ఆర్డర్‌తో సంబంధం లేదు. జడ్జి ముందు అతను లేకుండానే తాత్కాలిక ఆర్డర్ ఇవ్వవచ్చు. అది 20 రోజుల వరకు ఉంటుంది. అతన్ని ఇంట్లోంచి పంపించాలని ఆ తాత్కాలిక ఆర్డర్‌లోనే అడగాలంటే గత 30 రోజుల్లో హింస జరిగి ఉండాలి, ఆమె స్వయంగా వచ్చి చెప్పాలి. టేబుల్ మీద తుపాకీ పెట్టింది పోయిన వారమే కాబట్టి ఇప్పుడు గడువులో ఉన్నారు. "సంక్రాంతి అయ్యాక చూద్దాం, పిల్లల పరీక్షలయ్యాక చూద్దాం" అంటే ఆ గడువు దాటిపోతుంది. ఆ తర్వాత హియరింగ్ జరిగి పూర్తి ఆర్డర్ వస్తుంది, సాధారణంగా రెండేళ్ళ వరకు. ఆ ఆర్డర్ నోటీసు అందాక టెక్సాస్ శిక్షాస్మృతి ప్రకారం తుపాకీ దగ్గర ఉంచుకోవడమే నేరం.

ఒకవేళ ముందే 911కి ఫోన్ చేసి, పోలీసులు అతన్ని అరెస్టు చేస్తే ఇంకో దారి ఉంది. అతన్ని హాజరుపరచినప్పుడు మేజిస్ట్రేటు అత్యవసర రక్షణ ఆర్డర్ ఇవ్వవచ్చు. దాడిలో ప్రమాదకరమైన ఆయుధం చూపించినా వాడినా అది 61 నుంచి 91 రోజుల వరకు ఉంటుంది. దానికింద కూడా తుపాకీ ఉంచుకోకూడదు. పోలీసులు వచ్చినప్పుడు మొదటి రెండు వాక్యాల్లోనే తుపాకీ ఉందనీ, ఎక్కడ ఉందనీ చెప్పాలి. ఇంకో మాట. వచ్చిన ఆఫీసరు మీ బావనే దుబాసీగా పెట్టి "ఏమంటోంది" అని అడగవచ్చు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు కూడా ఆ టెన్షన్‌లో తడబడతారు. "తెలుగు ఇంటర్‌ప్రిటర్ కావాలి" అని అడగమనండి. హిందీ మనిషిని కలిపితే సర్దుకోవద్దు.

ఇక లోపాల సంగతి. పూర్తి హియరింగ్ జరగని తాత్కాలిక ఆర్డర్‌కి ఫెడరల్ తుపాకీ నిషేధం వర్తించదు. అంటే దరఖాస్తు పెట్టిన రోజుకీ హియరింగ్ రోజుకీ మధ్య, ఆమె వెళ్ళిపోయిందని అతనికి తెలిసి, కోపం నషాళానికి అంటిన ఆ రోజుల్లోనే చట్టం అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. కాలిఫోర్నియాలో ఇలా కాదు. అక్కడ తాత్కాలిక ఆర్డర్ అందిన 24 గంటల్లో తుపాకీ పోలీసులకో లైసెన్సున్న డీలర్‌కో అప్పగించాలి, 48 గంటల్లో రసీదు చూపించాలి. మనవాళ్ళు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో పోలీసులు తుపాకులు స్వాధీనం చేసుకోవచ్చు, చివరి ఆర్డర్‌కి గడువు తేదీయే ఉండదు. టెక్సాస్‌లో నిషేధం ఉంది గానీ, ఎవరు వెళ్ళి తీసుకోవాలి, ఎక్కడ పెట్టాలి, అప్పగించాడని ఎవరు చూడాలి అన్నది రాష్ట్రమంతటా ఒకే పద్ధతిలో లేదు. 20కి పైగా రాష్ట్రాల్లో ఉన్న రెడ్ ఫ్లాగ్ చట్టం, అంటే ప్రమాదం కనిపిస్తే కుటుంబసభ్యులో పోలీసులో కోర్టుని అడిగి తుపాకీ తీసేయించే చట్టం, ఇక్కడ లేదు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. ఆడమనిషి ప్రాణం విలువ రాష్ట్రం సరిహద్దు దగ్గర మారకూడదు.

అందుకే హియరింగ్ దాకా ఆగకుండా, తాత్కాలిక ఆర్డర్ అడిగేటప్పుడే తుపాకీ ప్రస్తావన తెచ్చి, ఆ కొద్ది రోజులు కూడా తుపాకీ లేకుండా ఆదేశించమని జడ్జిని అడగాలి. అడిగితే ఇస్తారని గ్యారంటీ లేదు. అడగకపోతే మాత్రం రాదు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెబుతాను. నేను ఈ పనిలోకి వచ్చిన మొదటి ఏళ్ళలో ఒక అమ్మాయి దరఖాస్తులో తుపాకీ ఉందా అన్న ప్రశ్న దగ్గర ఏమీ రాయలేదు. "అది రాస్తే ఆయన్ని దేశం నుంచి పంపించేస్తారు" అని మరిది భయపెట్టాడు. నేను పక్కనే కూర్చున్నాను, ఆ ఖాళీ నా కంట పడలేదు. ఆర్డర్ వచ్చింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ తుపాకీ ఉందని కాగితం మీద లేదు కాబట్టి, అది ఎక్కడుందని ఎవరూ అతన్ని అడగలేదు. నెల తర్వాత ఆమె పనిచేసే చోట పార్కింగ్‌లో కారు ఆపుకుని కూర్చున్నాడు. ఆమె లోపల్నుంచి చూసి 911కి ఫోన్ చేసింది. సీటు కింద తుపాకీ దొరికింది. ఆమె క్షేమంగా ఉంది, ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటోంది. నేను మాత్రం ఆ రోజు నుంచి ప్రతి దరఖాస్తూ మూడుసార్లు చదువుతాను.

ఇంకో సంగతి, రికార్డు. 2017 నవంబర్ 5న శాన్ ఆంటోనియో దగ్గర సదర్లాండ్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరి చర్చిలో ఒకడు 26 ప్రాణాలు తీశాడు. అందులో కడుపులో ఉన్న బిడ్డ ఒకటి. వాడు అంతకుముందు ఎయిర్ ఫోర్స్‌లో పనిచేశాడు. భార్యనీ ఆమె పసిబిడ్డనీ కొట్టినందుకు 2012లో సైనిక కోర్టు శిక్ష వేసింది. చట్ట ప్రకారం వాడికి తుపాకీ అమ్మకూడదు. కానీ ఆ శిక్ష వివరాలు ఎయిర్ ఫోర్స్ ఎఫ్‌బీఐకి పంపలేదు. షాపులో చెక్ చేసినప్పుడు పేరు శుభ్రంగా కనిపించింది, తుపాకులు అమ్మేశారు. రెండో భార్య తల్లి ఆ చర్చికే వెళ్ళేది, ఆమెకి బెదిరింపు మెసేజ్‌లు పంపేవాడు. ఎయిర్ ఫోర్స్‌దే 60 శాతం బాధ్యత అని 2021లో ఫెడరల్ జడ్జి తేల్చారు. చట్టంలో లోపం లేదు, ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి వెళ్ళాల్సిన సమాచారం వెళ్ళలేదు.

కాబట్టి ఆర్డర్ చేతికి రాగానే పని అయిపోలేదు. సర్టిఫైడ్ కాపీలు నాలుగైదు తీసుకోవాలి. ఒకటి పిల్లల స్కూల్లో, ఒకటి ఆఫీసులో, ఒకటి కారులో. మీ బావకి నోటీసు అందిందా, ఏ రోజు అందింది అన్నది రాసుకోవాలి. రెండు రోజులాగి షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేసి, ఆర్డర్ సిస్టమ్‌లో కనిపిస్తోందా, పేరు స్పెల్లింగ్, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయా అని అడగాలి. మన పేర్లతో ఇది మరీ ముఖ్యం. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఒక కాగితంలో వెనక, ఇంకో కాగితంలో పొడి అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాయించండి. ఈ చెక్ కూడా లైసెన్సున్న షాపుల్లోనే జరుగుతుంది. టెక్సాస్‌లో ఒక మనిషి ఇంకో మనిషికి అమ్ముకుంటే చెక్ అక్కర్లేదు. ఉన్న తుపాకీ పోయినంత మాత్రాన ఇక రాదని అనుకోకూడదు.

గ్రీన్ కార్డు, ఉద్యోగం. దాచకుండా చెబుతాను. ప్రొటెక్టివ్ ఆర్డర్ సివిల్ వ్యవహారం. ఆర్డర్ వచ్చినంత మాత్రాన కార్డు పోదు. కానీ ఆ ఆర్డర్‌ని ఉల్లంఘించి బెదిరించాడని కోర్టు తేల్చినా, కుటుంబ హింస కేసులో శిక్ష పడినా, తుపాకీ నేరంలో శిక్ష పడినా దేశం నుంచి పంపించే ప్రమాదం నిజంగానే ఉంది. టెక్సాస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ అని ఒకటి ఉంది: నేరం ఒప్పుకుని, కొంతకాలం మంచిగా నడుచుకుంటే శిక్ష నమోదు కాదు. రాష్ట్రం దాన్ని శిక్షగా లెక్కపెట్టదు, అందువల్ల ఫెడరల్ తుపాకీ నిషేధం కూడా సాధారణంగా అంటుకోదు. ఇమిగ్రేషన్ చట్టం మాత్రం దాన్ని శిక్షగానే చూస్తుంది. ఒకే కాగితానికి రెండు చట్టాల్లో రెండు అర్థాలు. ఈ చోట ఇమిగ్రేషన్ లాయరు, క్రిమినల్ లాయరు ఇద్దరూ కావాలి.

దీన్నంతా విని మీ చెల్లి "నా వల్ల ఆయన జీవితం పోతుంది" అంటుంది. అందరూ అంటారు. ఆర్డర్ పాటిస్తే అతనికి ఏమీ కాదు. పాటించకపోతే అది అతను చేసిన పని. ఆమె కార్డు మాత్రం ఆమెదే. అతను "రద్దు చేయిస్తా" అంటే నమ్మొద్దు, ఆ అధికారం అతనికి లేదు.

ఇది చదివేవాళ్ళలో హెచ్-1బి, హెచ్-4 వాళ్ళు ఉంటారు కాబట్టి రెండు మాటలు. ఇలాంటి వీసా మీద ఉన్నవాళ్ళు అసలు తుపాకీ ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ ఆ లైసెన్సు ప్రొటెక్టివ్ ఆర్డర్ నిషేధం నుంచి కాపాడదు. భర్త హెచ్-1బి మీద ఉండి హింసిస్తుంటే, హెచ్-4 భార్య ఐ-765వీ ఫారంతో సొంతంగా పని చేసుకునే అనుమతి అడగవచ్చు. పోలీసులకి సహకరించిన బాధితులకి యూ వీసా దారి ఉంది, ఏడాదికి 10,000 మాత్రమే కాబట్టి ఎదురుచూపు చాలా ఎక్కువ. భర్త అమెరికా పౌరుడో గ్రీన్ కార్డు ఉన్నవాడో అయితే, కార్డు లేని భార్య వావా, అంటే ఆడవాళ్ళ మీద హింసని అడ్డుకునే ఫెడరల్ చట్టం కింద అతనికి తెలియకుండా సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు.

చేయకూడని పనులు కొన్ని ఉన్నాయి. తుపాకీని మీ చెల్లి తీసి దాచకూడదు, కారులో పెట్టుకుని పోలీస్ స్టేషన్‌కి బయల్దేరకూడదు. అతనికి తెలిసిన క్షణం ఏం జరుగుతుందో ఎవరం చెప్పలేం. హెచ్-4 మీద ఉన్నవాళ్ళయితే అది పట్టుకున్నందుకు వాళ్ళే చిక్కుల్లో పడతారు. పోలీసులకి ఎక్కడుందో చెప్పడమే ఆమె పని. అలాగే అక్కడి తెలుగు సంఘంలో పెద్దమనుషుల్ని పంపి "తుపాకీ తీసేయవయ్యా" అని చెప్పించొద్దు. నేను ఇది చాలాసార్లు చూశాను: పెద్దమనుషులు టీ తాగి వెళ్ళిపోతారు, ఆ రాత్రి ఆమె ఒక్కతే ఉంటుంది. పిల్లల్ని తీసుకుని హడావిడిగా ఖమ్మం వచ్చేయమని కూడా అనొద్దు. పిల్లల అపహరణ మీద ఉన్న హేగ్ ఒప్పందంలో ఇండియా లేదు. తండ్రి ఇక్కడి కోర్టుకి వెళితే రేపు కస్టడీ దగ్గర ఆమే తప్పు చేసినట్టు అవుతుంది. ముందు లాయర్ని అడగాలి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఆమెతో వాట్సాప్‌లో ఈ సంగతులు రాయొద్దు. ఆ ఫోన్ ఇంకో కంప్యూటర్‌లో తెరిచి ఉందో లేదో మీకు తెలియదు. అమ్మతో మాట్లాడే మామూలు ఫోన్‌లోనే ఒక మాట అనుకోండి, "పెద్దమ్మకి మోకాలి నొప్పి ఎక్కువైందా" లాంటిది. ఆమె నోట ఆ మాట వస్తే మీరు వెంటనే పోలీసుల్ని పంపాలని అర్థం. ఇండియా నుంచి 911 కలవదు. ఫ్రిస్కో పోలీసుల మామూలు పది అంకెల నంబరు వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ముందు +1 కలిపి ఈ రోజే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. దాని పక్కనే ఆమె ఇంటి పూర్తి చిరునామా, బావ కారు రంగు, నంబరు, ఇంట్లో తుపాకీ ఎక్కడ పెడతాడో రాసి పెట్టుకోండి.

ఆమె లైబ్రరీ నుంచో, నమ్మకమైన స్నేహితురాలి ఫోన్ నుంచో నేషనల్ డొమెస్టిక్ వయొలెన్స్ హాట్‌లైన్‌కి చేయాలి, 1-800-799-7233. రాత్రీపగలూ ఉంటారు, ఇంటర్‌ప్రిటర్‌ని కలుపుతారు. డాలస్‌లో దక్షిణాసియా ఆడవాళ్ళ కోసం చేతన ఉంది. హ్యూస్టన్ వైపు వాళ్ళకి దయా, న్యూజెర్సీలో 1985 నుంచి మానవి, న్యూయార్క్‌లో సఖి, బే ఏరియాలో మైత్రి ఉన్నాయి. కోర్టుకి తోడు వచ్చేవాళ్ళు, ఒకటి రెండు రాత్రులు తలదాచుకునే చోటు చూపించేవాళ్ళు వీళ్ళలో దొరుకుతారు. బయటికి వచ్చే రోజుని వాళ్ళతో కలిసి నిర్ణయించుకోమనండి. ఆమె, పిల్లల పాస్‌పోర్టులు, కార్డులు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు ఆ స్నేహితురాలి ఇంటికి ముందే చేరాలి, ఒకేసారి కాకుండా ఒక్కొక్కటిగా.

అమ్మానాన్నలతో మీరే మాట్లాడండి. "సర్దుకుపో" అన్న మాట ఆమెకి మీ ఇంటి నుంచి ఇంకోసారి వినపడకూడదు. "ఏ అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యి తల్లీ, మేమున్నాం" అని నాన్నగారి చేత ఒక్కసారి అనిపించండి. ఇక్కడ హియరింగ్ రోజు వరండాలో నిలబడి చాలామంది అమ్మాయిలు ఆ ఫోన్ కోసమే ఎదురుచూస్తుంటారు. దరఖాస్తు పెట్టాలని ఆమె అనుకోగానే నాకు రాయండి, పెట్టేముందు ఒకసారి కూర్చుని ప్రతి గడీ ఆమెతో కలిసి చదువుతాను.